సలహా ఎవరి చేతికి చేరుతోంది?

మహిళలను వ్యవసాయ సలహాదారులుగా తీర్చిదిద్దాలని అన్నప్పుడల్లా, పురుగు ఎవరి పొలంలోనైనా పురుగే కదా, సలహాకు ఆడామగా తేడా ఎందుకని అడిగేవారు ఉంటారు. పురుగు ఒకటే. కానీ దాని గురించి చెప్పే సమావేశానికి ఎవరికి కబురు వెళుతుంది, ఏ వేళకు పెడతారు, అక్కడ ఎవరు నోరు తెరిచి సందేహం అడగగలరు అన్నవి అందరికీ ఒకటి కావు. భూమి కాగితాలు భర్త పేరిట ఉంటే రైతుల జాబితాలో ఆయన పేరే ఉంటుంది. విత్తనం దాచేదీ, కలుపు తీసేదీ ఆమే అయినా, ఆయన విని వచ్చినదానిలో గుర్తున్నంత మేరకే ఆమెకు తెలుస్తుంది.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2023 నివేదిక ప్రకారం, ఒకే విస్తీర్ణం గల పొలాలను పోల్చినా మహిళలు సాగుచేసే వాటి ఉత్పాదకత 24 శాతం తక్కువ. దీన్ని చేతకానితనంగా లెక్కగట్టడం అన్యాయం. విత్తనం, అప్పు, పనిముట్టు, సమాచారం వారికి అందకపోవడమో, అదను దాటాక అందడమో ఇందులో చాలావరకు కారణం.

శిక్షణ చేతులతో సాగాలని నా గట్టి నమ్మకం. మొలక పరీక్షనే చూడండి. నూరు గింజలు లెక్కపెట్టి, తడిగుడ్డలో వరుసగా పరిచి చుట్టి, ఆరిపోకుండా కాపాడి, కొన్ని రోజులకు విప్పి మొలకలు లెక్కించాలి. ఎనభై మొలిస్తే మొలక శాతం 80. ఆ మేరకు విత్తన మోతాదు పెంచుకోవాలి. ఒకసారి స్వయంగా చేసిన మహిళ మరునాడే పొరుగింటి ముంగిట కూర్చుని ఇంకొకరి చేత చేయించగలదు.

మందు కొట్టే పంపు సంగతీ అంతే. 16 లీటర్ల పంపు నిండా పోస్తే నీటి బరువే 16 కిలోలు. దాన్ని వీపున మోసి, భుజం మీద పట్టీ ఒరిసిన బాధ ఎరిగిన సలహాదారు, పంపు సగమే నింపుకోమని, ఆ నీటికి తగ్గట్టు మందూ సగమే కలపాలని చెబుతుంది. గర్భిణులు ఆ పనికి దూరంగా ఉండాలన్న మాటను ఆమె నోట వినడానికి ఎవరూ సంకోచించరు.

అయితే ఇంత పనినీ సేవ పేరుతో జీతం లేకుండా చేయించుకునే పద్ధతిని నేను ఒప్పుకోలేను. ఆమెకు నెలనెలా వేతనం, ప్రయాణపు ఖర్చు ఇవ్వాలి. తనకు తెలియని తెగులు ఎదురైనప్పుడు ఆకు ఫొటో పంపితే అదే రోజు జవాబిచ్చే శాస్త్రవేత్త కూడా ఆమెకు అందుబాటులో ఉండాలి.