ఊరు పోయినా బిషప్ పోస్టు ఉంది

టర్కీలోని పాముక్కలేలో చెప్పులు చేత పట్టుకుని, తెల్లటి సున్నపు మెట్ల మీద గోరువెచ్చని నీళ్లలో నడిచి పైకెళ్తే హీరాపోలిస్ శిథిలాలు. ఎటు చూసినా రాతి సమాధులే. కొండ మీద అపొస్తలుడు ఫిలిప్పు పేరిట 5వ శతాబ్దంలో కట్టిన ఎనిమిది పలకల కట్టడం, అదీ మొండి గోడలే. ఎండకి నా తల తిరిగిపోయింది, కూర్చుందామంటే నీడ లేదు.

2వ శతాబ్దంలో పపియాస్ ఇక్కడి బిషప్. ఇప్పుడు ఒక్క విశ్వాసి ఇల్లు కూడా లేదు. అయినా కాథలిక్ లెక్కల్లో ఈ బిషప్ పీఠం చెరిగిపోలేదు. సొంత మేత్రాసనం (బిషప్ ఏలుబడిలోని ప్రాంతం) లేని సహాయ బిషప్‌లకీ, పోప్ రాయబారులకీ ఇలాంటి పాత ఊళ్ల బిషప్ అని పేరుకి పదవి ఇస్తారు. 1882 దాకా వీళ్లని ‘అవిశ్వాసుల ప్రాంతాల’ బిషప్‌లు అనేవారట. ఆ మాట మార్చడమే మంచిదైంది.

నాకు బాగా నచ్చింది మాత్రం బిషప్ జాక్ గాయో కథ. 1995లో ఆయన్ని ఫ్రాన్స్‌లోని ఎవ్రూ నుంచి తప్పించి, అల్జీరియాలో ఎప్పుడో కనుమరుగైన పార్తేనియా పీఠం ఇచ్చారు. పనిష్మెంట్ ట్రాన్స్‌ఫర్ అన్నమాట! ఆయన మరుసటి ఏడాదే పార్తేనియా పేరుతో ఇంటర్నెట్‌లో వెబ్‌సైట్ తెరిచేశాడు.

ఇదంతా మా ఆవిడకి చెబుతూ కిందికి దిగుతుంటే, ‘ముందు చెప్పులేసుకోండి’ అంది.