రోళ్లపాడు బీడు నుంచి మొదలుపెట్టిన పర్యావరణ పాఠం: నా గ్రూప్‌-1 ప్రిపరేషన్ అనుభవం

తోటి అభ్యర్థులకు నమస్కారం. నాది పాత కర్నూలు జిల్లాలోని నందికొట్కూరు ప్రాంతం. గ్రూప్‌-1 మెయిన్స్ రెండు విడతలు రాశాను. నేను రాసిన పద్ధతిలో ఐదో పేపరు సైన్స్, టెక్నాలజీ, పర్యావరణ అంశాలకు సంబంధించినది. అందులో నన్ను ఎక్కువ కాలం ఇబ్బంది పెట్టినదీ, చివరకు నాకు బాగా నచ్చినదీ ఒకటే భాగం: నేల మీద మనిషి చూపిన ప్రభావం, వన్యప్రాణుల సంరక్షణ. ఆ భాగాన్ని ఎలా చదివానో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి విడతలో ఒక టెస్ట్ సిరీస్‌లో ఇదే అంశంపై ప్రశ్న వచ్చింది. అడవుల నరికివేత, వేట, కాలుష్యం, జనాభా పెరుగుదల అని కారణాలు వరుసగా రాసి, వాటి కింద చట్టాల పేర్లు పెట్టాను. పదికి మూడు మార్కులు వచ్చాయి. దిద్దిన మాస్టారు మార్జిన్‌లో ఎర్ర సిరాతో రెండే మాటలు రాశారు: "ఎక్కడ? ఎలా?" నా జవాబులో ఒక్క ఊరి పేరు గానీ, ఒక్క మార్పు జరిగిన క్రమం గానీ లేదని అప్పుడు గమనించాను.

ఆ ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు మా జేజినాయనను (తాతను) మా వైపు గడ్డి బీళ్లలో ఒకప్పుడు తిరిగిన పెద్ద పక్షి బట్టమేక పిట్ట గురించి అడిగాను. "మనకు పక్కనే కదరా రోళ్లపాడు. జొన్న కోసిన చేలల్లో మిడతలు ఏరుకుంటా తిరిగేటివి. మనిషి అల్లంత దూరాన ఉండంగానే తల ఎత్తి చూసేటివి. కాలువ నీళ్లు వచ్చినంక పత్తి పెట్టినాము, మందు కొట్టినాము, అవి కనపడకుండా పోయినాయి" అన్నాడు. నేను నెల రోజులుగా పుస్తకాల్లో వెతుకుతున్న కారణాల వరుస ఆ నాలుగు వాక్యాల్లోనే ఉంది.

రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో బట్టమేక పిట్ట కోసమే ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 614 హెక్టార్లు మాత్రమే. ఇంత బరువైన పక్షి, మగది 15 కిలోల వరకు తూగేది, ఆ కొద్ది నేలలోనే బతకలేదు. గుడ్డు పెట్టేందుకు గడ్డి బీడు కావాలి, మేతకు చుట్టుపక్కల మెట్ట చేలు కావాలి. సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది, అదీ నేల మీదే. అలగనూరు రిజర్వాయరు, కాలువల నీటితో చుట్టూ సాగు పద్ధతి మారి, జొన్న, కొర్ర పోయి వాణిజ్య పంటలు వచ్చి, బీళ్లు దున్నబడినప్పుడు, కంచె లోపలి నేలను ఎవరూ తాకకపోయినా పిట్టకు మేత తరిగిపోయింది. లోపల కథ వేరు. రక్షణ దొరికిన కృష్ణజింకల సంఖ్య బాగా పెరిగింది, బట్టమేక పిట్ట మాత్రం తగ్గిపోయింది. ఒకే కంచె ఒక జీవికి మేలు చేసి, తాను ఎవరి కోసం కట్టబడిందో ఆ జీవిని కాపాడలేకపోయింది. ఇది రైతుల తప్పని నేను రాయలేదు, మీరూ రాయకండి. కరవు సీమలో నీరు వస్తే ఎవరైనా పంట మారుస్తారు. ఆ మార్పును ముందుగా ఊహించి పిట్టకు సరిపడా బీడును విడిచిపెట్టడం ప్రణాళిక చేసేవారి పని.

నేడు దేశం మొత్తం మీద ఈ పిట్టలు 150 లోపే ఉన్నాయని అంచనా. రాజస్థాన్, గుజరాత్‌లలో వీటికి విద్యుత్ తీగలు పెద్ద ప్రమాదం, ఎందుకంటే ఎదురుగా ఉన్నదాన్ని చూసే శక్తి వీటికి తక్కువ. సుప్రీంకోర్టు 2021లో తీగలను భూగర్భంలో వేయాలని ఇచ్చిన ఆదేశాన్ని 2024 మార్చిలో సవరించి నిపుణుల కమిటీకి అప్పగించింది. ఈ భాగం చదివేటప్పుడు మన పాత కర్నూలు జిల్లాలోని గని, శకునాల గ్రామాల పరిధిలోని 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కును, అనంతపురం గుట్టల మీది గాలిమరలను గుర్తుకు తెచ్చుకోండి. కాలుష్యం లేని విద్యుత్తుకు కూడా విశాలమైన నేల కావాలి, ఆ నేలను సాధారణంగా రికార్డుల్లో బంజరు అనే అంటారు. గడ్డి భూములను పనికిరాని భూములుగా లెక్కగట్టే ఈ అలవాటును నేను ప్రతి జవాబులోనూ ఒక వాక్యంలో ప్రస్తావించేవాణ్ణి. నా దృష్టిలో మన ప్రాంతపు అసలు సమస్య అదే.

రెండో ఉదాహరణగా కడప జిల్లా పొదల అడవుల్లోని అరుదైన పక్షి కలివికోడిని తీసుకున్నాను. బ్రిటిష్ పక్షిశాస్త్రవేత్త జెర్డాన్ 1848లో దీనిని గుర్తించాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న దశలో 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలో మళ్లీ దొరికింది. స్థానిక పక్షుల వేటగాళ్ల సహాయం లేకుండా అది సాధ్యమయ్యేది కాదని గుర్తుంచుకోవాలి. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత తెలుగుగంగ కాలువ దాని ఆవాసం మీదుగా వెళ్లబోతే మార్గాన్ని మార్చవలసి వచ్చింది. నాకు ఎంతో ఉపయోగపడిన విషయం మరొకటుంది: పరిశోధకుల లెక్క ప్రకారం ఈ పక్షికి హెక్టారుకు సుమారు 300 నుంచి 700 పెద్ద పొదలున్న చోటు అనుకూలం. పొదలను పూర్తిగా కొట్టేస్తే దానికి దాక్కునే చోటు ఉండదు, పూర్తిగా వదిలేస్తే చిక్కబడి నడిచే ఖాళీ ఉండదు. మేకల మేత, వంటచెరకు సేకరణ ఒక హద్దు వరకు ఆ తెరపిని కాపాడతాయి, హద్దు దాటితే నాశనం చేస్తాయి. కాబట్టి "మానవ ప్రభావం" అన్న మాట కనబడగానే నష్టమని రాసేయకుండా, ఎంత మేరకు, ఏ జీవికి అని ప్రశ్నించుకోవడం అలవాటు చేసుకున్నాను.

అనంతపురం గురించి తక్కువే రాసుకున్నాను. అక్కడి వేరుశనగ ఏకపంట, తరిగిన చెట్ల నీడ, హగరి నది ఒడ్డున కదిలే ఇసుక మేటలు ఎడారీకరణకు మంచి ఉదాహరణలు. 2018-19 నాటి ఇస్రో అట్లాసు ప్రకారం దేశంలో 97.85 మిలియన్ హెక్టార్లు, అంటే భౌగోళిక విస్తీర్ణంలో 29.77 శాతం, క్షీణతకు లోనయింది. అంకె ఒక్కటి చాలు, దాని పక్కన హగరి పేరు ఉండాలి.

ప్రిలిమ్స్‌కు మాత్రం కొన్ని అంశాలను కంఠస్థం చేయక తప్పదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2022 సవరణతో దాని షెడ్యూళ్లు (జీవుల జాబితాలుండే అనుబంధాలు) ఆరు నుంచి నాలుగయ్యాయి, పాత పుస్తకాల్లో ఇంకా ఆరే ఉంటాయి. 2022 ఏప్రిల్ నాటి జిల్లాల పునర్విభజన తర్వాత రోళ్లపాడు నంద్యాల జిల్లాలో ఉంది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో తెలంగాణ వైపు భాగం 2014 తర్వాత అమ్రాబాద్‌గా వేరయింది. ఎర్రచందనం 1995 నుంచి సైటిస్ (అరుదైన జీవుల, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది.

రెండో విడతకు నేను నోట్‌బుక్‌లో ప్రతి స్థలానికి ఒక పేజీ కేటాయించి, పైన చిన్న పటం, దాని కింద అక్కడ మునుపు ఏముండేది, ఏ మార్పు వచ్చింది, ఎవరికి లాభం, ఏ జీవికి నష్టం, ఏ చట్టం వర్తిస్తుంది అని రాసుకున్నాను. మొత్తం పద్దెనిమిది పేజీలయ్యాయి. మూడు గంటల్లో 150 మార్కులకు రాయాలి కాబట్టి పది మార్కుల జవాబుకు దొరికేది పన్నెండు నిమిషాలే. అందులో ఒక నిమిషం పటానికి ఇచ్చేవాణ్ణి: రోళ్లపాడు ఉన్న మిడుతూరు దగ్గర ఒక చుక్క, దాని పక్కన కాలువ గీత, చుట్టూ పంటల పేర్లు. ఆ పటం మీదే తర్వాతి వాక్యాలన్నీ నడిచేవి.