గుండీల ఫుట్‌బాల్: నాలుగు జంటలు, జోడీ లేని ఒక జట్టు

బ్రెజిల్‌లో కోటు గుండీలతో బల్ల మీద ఫుట్‌బాల్ ఆడతారు. 1930 నాటికే ఆ ఆటకు అచ్చేసిన నిబంధనలు ఉన్నాయి. ఈ ఎండాకాలం మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో ఆ బోర్డు చేయడం మొదలుపెట్టాను. ఆడటానికి ఏ రెండు జట్లయినా సరిపోతాయి, కానీ నేను ఒకరికొకరు పడని క్లబ్బులనే జంటలుగా చేస్తున్నా. జట్టుకు పది గుండీలు, ఒక గోలీ, అంటే గోల్‌కీపర్. నాలుగు జంటలు పూర్తయ్యాయి. ఎవరైనా చేసుకుంటారేమోనని సామాను సంగతి ముందు రాస్తున్నా.

బోర్డు

6 ఎంఎం ప్లైవుడ్, నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. కార్పెంటర్ల దగ్గర మిగిలిన ముక్క అడిగితే చవగ్గా వస్తుంది. ప్లై పలచన కాబట్టి కింద అడ్డంగా రీపర్లు కొట్టించాలి, లేకపోతే వానలు పడగానే వంగుతుంది. మొదట 180, తర్వాత 320 నంబర్ సాండ్ పేపర్‌తో రుద్ది, ఒక కోటు ప్రైమర్, రెండు కోట్లు ఆకుపచ్చ ఎనామిల్ వేశాను. రంగు రోలర్‌తోనే వేయాలి. బ్రష్ గీతలుంటే బంతి పక్కకు పోతుంది. జులైలో అయితే ఒక్కో కోటు ఆరడానికి రెండు రోజులు వదిలేయాలి. గీతలకు తెల్ల పెయింట్ మార్కర్, స్టీల్ స్కేలు చాలు. జారుడుకు చిటికెడు క్యారమ్ పౌడర్.

గుండీలు టైలరింగ్ సామాను అమ్మే దుకాణంలో దొరుకుతాయి. 40 లైన్ కోటు గుండీ అని అడగండి, సుమారు అంగుళం వెడల్పు ఉంటుంది. అడుగు నున్నగా, అంచు కొంచెం గుండ్రంగా ఉన్నవే ఏరుకోవాలి. అంచు మీద ప్లాస్టిక్ ముక్కతో నొక్కి వదిలితే గుండీ ముందుకు దూకాలి, ఆట అంతా ఆ నొక్కుడులోనే ఉంది. నొక్కడానికి పాత ఏటీఎం కార్డు కోసి అంచులు అరగదీశాను. బంతికి చొక్కా కాలర్ గుండీ. గోలీకి అగ్గిపెట్టె. బ్రెజిల్‌లోనూ అదే వాడేవాళ్లు, లోపల బరువు నింపి. నేను ఇనుప నట్లు వేసి టేపు చుట్టాను.

క్లబ్బు లోగోలు గ్లాసీ స్టిక్కర్ పేపర్ మీద లేజర్ ప్రింట్ తీయించాలి. 22 ఎంఎం గుండ్రాలు పెడితే ఒక్క ఏ4 షీటులో అన్ని జట్లూ పడతాయి. ప్రింటు మీద నేరుగా నెయిల్ పాలిష్ పూయొద్దు, రంగు కరుగుతుంది. నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత పూసి, బాగా ఆరాక, దాని మీద రంగులేని పాలిష్.

తేలని విషయం ఒక్కటే మిగిలింది. ఏ సంవత్సరం లోగో అంటించాలి? ఈ క్లబ్బుల లోగోలు ఊరికే మారలేదు. ప్రభుత్వం మారితే మారాయి, డబ్బులిచ్చేవాడు మారితే మారాయి. ఏ ఏడాదిది అంటిస్తే ఆ ఏడాది గొడవ మన బోర్డు మీదికి వస్తుంది.

బార్సిలోనా – రియల్ మాడ్రిడ్

మా అక్క కొడుకు బార్సిలోనా గుండీ చేతిలోకి తీసుకుని అడిగాడు: "గిదేంది మామా, ఎర్ర గీతలు నాలుగుంటయి గదా, నువ్వు రెండే పెట్టినవ్?"

వాడన్నది నిజమే. పసుపు మీద నాలుగు ఎర్ర చారలు బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతం జెండావి. స్పెయిన్ అంతర్యుద్ధంలో గెలిచిన నియంత ఫ్రాంకో ప్రభుత్వం కాటలాన్ గుర్తులన్నింటి మీదా పడింది. 1941లో క్లబ్బు పేరును స్పానిష్ పద్ధతిలోకి మార్పించింది, లోగోలో నాలుగు చారలు రెండయ్యాయి. క్లబ్బు యాభై ఏళ్ల పండుగకు, 1949లో, చారలు తిరిగొచ్చాయి. పాత పేరు రావడానికి 1974 దాకా ఆగాల్సి వచ్చింది. నేను అంటించింది 1943 నాటిది. ఆ ఏడు కప్పు సెమీఫైనల్ మొదటి మ్యాచ్‌లో బార్సిలోనా 3–0తో గెలిచి, మాడ్రిడ్‌లో 11–1తో ఓడింది.

బార్సిలోనా అభిమానులు ఎప్పుడూ ఈ స్కోరే ముందు పెడతారు. నా లెక్కలో దానికన్నా బరువైనది 1936 ఆగస్టు. క్లబ్బు అధ్యక్షుడు, కాటలాన్ వామపక్ష నాయకుడు జోసెప్ సున్యోల్‌ను గ్వాదర్రామా కొండల్లో ఫ్రాంకో సైనికులు కాల్చేశారు. మ్యాచ్ ఓడిన కథకు వంద వాదాలుంటాయి, దీనికి లేవు.

అలాగని రియల్ మాడ్రిడ్‌ను ఫ్రాంకో జట్టని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఒప్పుకోను. వాళ్ల లోగో మీది కిరీటం 1920లో రాజు అల్ఫోన్సో XIII ఇచ్చింది. 1931లో రాజు పోయి రిపబ్లిక్ రాగానే అదీ పోయింది, 1941లో తిరిగి వచ్చింది. మాడ్రిడ్ నగరం 1939 మార్చి దాకా ఫ్రాంకోకు లొంగలేదు. యుద్ధం మొదలయ్యేనాటికి క్లబ్బు అధ్యక్షుడిగా ఉన్న రఫాయెల్ సాంచెజ్ గెర్రా రిపబ్లిక్ మనిషి, యుద్ధం అయ్యాక జైలుకెళ్లాడు. అంటే ఒకే 1941లో ఒక లోగోలో చారలు తగ్గాయి, ఇంకో లోగో మీద కిరీటం వచ్చింది. రెండు గుండీలు పక్కపక్కన పెట్టి చూపించాక మావాడు ఇంకేం అడగలేదు.

కిరీటం మీద ఒక చిన్న శిలువ ఉంటుంది. 22 ఎంఎంలో అది ఆవగింజంత కూడా రాదు. అంత చిన్నదాన్ని కూడా డబ్బు వదల్లేదు. 2014లో అబుదాబి బ్యాంకు ఒకటి తెచ్చిన కార్డు మీద, 2017లో గల్ఫ్‌లో అమ్మే బట్టల ఒప్పందంలో, శిలువ లేని కిరీటం కనిపించింది. బార్సిలోనా ఏం తక్కువ కాదు. చొక్కా మీద స్పాన్సర్ పేరే వద్దని దశాబ్దాలు గర్వంగా చెప్పుకుంది, 2006లో యునిసెఫ్ పేరు పెట్టుకుని ఎదురు డబ్బులిచ్చింది, 2011కల్లా ఖతార్ ఫౌండేషన్ దగ్గర తీసుకుంది.

రెండు క్లబ్బులకూ ఆడిన ఫీగో గుండీ ఒకటి విడిగా చేశాను. రెండు వైపులా స్టిక్కరే, ఒక పక్క బార్సిలోనా, తిప్పితే మాడ్రిడ్. ఈ క్లబ్బులకు సభ్యులే ఓటేసి అధ్యక్షుణ్ని ఎన్నుకుంటారు. 2000లో ఫ్లోరెంతీనో పెరెజ్ మాడ్రిడ్ ఎన్నికల్లో ఇచ్చిన హామీ బార్సిలోనా నుంచి ఫీగోను తెస్తానని. గెలిచాడు, సుమారు ఆరు కోట్ల యూరోలు కట్టి తెచ్చాడు. 2002 నవంబర్‌లో బార్సిలోనా మైదానంలో ఫీగో కార్నర్ కొట్టడానికి వెళ్తే పంది తల విసిరారు. ఎన్నికల హామీలకు అలవాటుపడ్డ మనకు కూడా ఇది కొంచెం కొత్తే.

సెల్టిక్ – రేంజర్స్

ఇది తొందరగా అయిపోయింది. సెల్టిక్ అడ్డ పట్టీలకు మాస్కింగ్ టేపును బ్లేడుతో 3 ఎంఎం ముక్కలుగా కోసి, తెలుపు ఆరాక అంటించి, పైన ఆకుపచ్చ. టేపును రంగు తడిగా ఉన్నప్పుడే లాగేయాలి, ఆరాక లాగితే అంచు పెచ్చులూడుతుంది.

సెల్టిక్ 1887లో స్కాట్లాండ్‌లో గ్లాస్గోలోని పేద ఐరిష్ కాథలిక్కుల అన్నానికి చందాలు పోగుచేయడానికి పుట్టింది. రేంజర్స్ ప్రొటెస్టెంట్ల వైపు నిలిచింది, చాలా ఏళ్లు కాథలిక్ అని తెలిసిన ఆటగాణ్ని తీసుకోలేదు. 1989లో కాథలిక్ అయిన మో జాన్‌స్టన్‌ను తీసుకున్నప్పుడు కొందరు రేంజర్స్ అభిమానులు మఫ్లర్లు తగలబెట్టారు. ఇంత పగ ఉన్న రెండు జట్ల చొక్కాల మీద ఏళ్ల తరబడి ఒకే బీరు కంపెనీ పేరుంది, ముందు కార్లింగ్, తర్వాత టెనెంట్స్. ఒక్క జట్టుకే డబ్బిస్తే ఊళ్లో సగం మంది ఆ బీరు ముట్టరని భయం. గొడవ అభిమానులది, గల్లాపెట్టె మాత్రం ఇద్దరిదీ.

రేంజర్స్ అప్పుల్లో మునిగి 2012లో పాత కంపెనీ దివాలా తీసి, నాలుగో అంచె లీగు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. సెల్టిక్ వాళ్లు ఇప్పటికీ అది కొత్త క్లబ్బే అంటారు. ఆ వాదన నా బల్ల మీదికి రాకుండా రెండింటికీ 1989 లోగోలే వేశాను.

మోహన్ బగాన్ – ఈస్ట్ బెంగాల్

ఎక్కువ టైమ్ పట్టింది, ఎక్కువ ఇష్టమైందీ ఈ జంటే. మెరూన్–ఆకుపచ్చ ఒకటి, ఎరుపు–బంగారు ఒకటి. బంగారు రంగుకు మెటాలిక్ ఎనామిల్ వద్దు, ట్యూబ్‌లైటు కింద గుండీ ఎటు తిరిగిందో కనపడదు. ముదురు పసుపులో బొట్టు ఎరుపు కలిపితే సరిపోతుంది.

మోహన్ బగాన్ 1889 నాటిది. 1911లో ఐఎఫ్ఎ షీల్డ్ ఫైనల్లో బ్రిటిష్ సైన్యపు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2–1తో ఓడించింది. ఒక్కరు తప్ప మనవాళ్లంతా వట్టి కాళ్లతో ఆడారు. ఈస్ట్ బెంగాల్ పుట్టుకే ఒక అవమానంతో జరిగింది. 1920లో మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కు జోరాబగాన్ క్లబ్బు శైలేష్ బోస్‌ను పక్కనపెట్టింది. దానికి అలిగి ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి బయటికొచ్చి, తోటి తూర్పు బెంగాలీలతో కొత్త క్లబ్బు పెట్టాడు. దేశ విభజన తర్వాత ఇల్లూ వాకిలీ వదిలి కలకత్తా చేరిన లక్షల మందికి ఆ క్లబ్బే ఊరు పేరైంది. పడమటివాళ్లు ఘోటీలు, తూర్పువాళ్లు బాంగాల్‌లు. బాంగాల్ యాసంటే నగరంలో నవ్వులాట. సినిమాల్లో మన యాసను జోకర్లకూ రౌడీలకూ ఇచ్చిన రోజులు చూసినవాళ్లకు ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలీశ చేప, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు అని బజారులో లెక్క.

ఈ ప్రేమకు ఖరీదూ ఉంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్‌లో గొడవై, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు సాల్ట్ లేక్ స్టేడియానికి వచ్చినవాళ్లు సుమారు 1,31,000 మంది. భూటియా హ్యాట్రిక్‌తో ఈస్ట్ బెంగాల్ 4–1. ఆ మరుసటి ఏడే విజయ్ మాల్యా గ్రూపు రెండు క్లబ్బుల్లోనూ డబ్బు పెట్టింది. ఒకటి మెక్‌డోవెల్ మోహన్ బగాన్, రెండోది కింగ్‌ఫిషర్ ఈస్ట్ బెంగాల్. గ్లాస్గోలో ఒకే బీరు ఇద్దరికీ, కలకత్తాలో ఒకే యజమాని రెండు బ్రాండ్లు.

2020లో ఆర్పీఎస్జీ గ్రూపు మోహన్ బగాన్ ఫుట్‌బాల్ కంపెనీలో 80 శాతం తీసుకుని జట్టు పేరు ముందు తన పాత క్లబ్బు పేరు ఏటీకే తగిలించింది. ఆ మూడక్షరాలు తీసేయమని అభిమానులు పోరాడారు, 2023లో తీసేశారు. అవతల ఈస్ట్ బెంగాల్‌కు పెట్టుబడిదారుతో ఒప్పందం మీద సంతకాల పేచీ వస్తే అప్పటి ముఖ్యమంత్రి మమతా బెనర్జీయే మధ్యలోకి రావాల్సి వచ్చింది. ఓటుకు పనికొస్తుందని తెలిసిన చోట నాయకులు ఫుట్‌బాల్‌ను వదలరు. నేను మాత్రం మోహన్ బగాన్‌కు ఏటీకే ఉన్న లోగోనే ఒక గుండీకి అంటించాను. అభిమానులు కోపగించుకున్నా, అదీ చరిత్రే.

2024 ఆగస్టులో డ్యూరాండ్ కప్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్ రద్దయింది. కలకత్తా ఆర్జీ కర్ ఆసుపత్రిలో డాక్టర్‌పై అత్యాచారం, హత్య మీద నిరసనలు జరుగుతున్న రోజులవి. రద్దయిన మ్యాచ్ రోజే రెండు జట్ల అభిమానులు జెండాలు పట్టుకుని సాల్ట్ లేక్ స్టేడియం బయట ఒక్కటై నినాదాలిచ్చారు, పోలీసులు లాఠీలు ఎత్తారు. పగ ఉన్న చోటే అంత జనం ఒక్క పిలుపుకు వస్తారని నాకనిపిస్తుంది. మామూలు ప్రేక్షకులు రారు.

బోకా – రివర్

రివర్ ప్లేట్ ఎర్ర ఏటవాలు పట్టీకి అదే మాస్కింగ్ టేపు పద్ధతి. బోకా నీలం మధ్యలో పసుపు పట్టీ. రెండు క్లబ్బులూ అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరెస్‌లో ఓడరేవు పక్కన లా బోకా అనే ఒకే పేటలో పుట్టాయి. రివర్ ఉత్తరాన డబ్బున్న వైపు వెళ్లిపోయింది, 1930ల మొదట్లో ఖరీదైన ఆటగాళ్లను కొని మిలియనీర్లన్న పేరు తెచ్చుకుంది. బోకా అధ్యక్షుడిగా పన్నెండేళ్లు చేసిన మౌరిసియో మాక్రి 2015లో దేశాధ్యక్షుడయ్యాడు. 2018లో ఈ రెండు జట్ల మధ్య దక్షిణ అమెరికా క్లబ్బుల లిబెర్తదోరెస్ కప్పు ఫైనల్, బోకా బస్సు మీద రాళ్ల దాడితో ఆగిపోయి మాడ్రిడ్‌కు మారింది. స్పెయిన్ నుంచి విముక్తి తెచ్చిన వీరుల పేరున్న కప్పును స్పెయిన్‌లో ఆడించారు.

జోడీ లేని జట్టు

మన వైపు నుంచి హైదరాబాద్. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్పులు కొట్టిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1950 డ్యూరాండ్ ఫైనల్లో వాళ్లు ఓడించింది మోహన్ బగాన్‌నే. అంత గొప్ప జట్టు, కానీ అది డిపార్ట్‌మెంట్ జట్టు. ఆటగాడికి ఉద్యోగం దొరికింది, ఊరికి క్లబ్బు దొరకలేదు.

తర్వాత హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో పుణె క్లబ్బు మూతపడితే దాని చోట వచ్చింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ తర్వాత జీతాల బకాయిలు, చేతులు మారడం, 2025లో ఢిల్లీకి మకాం మార్చి పేరు కూడా మార్చుకోవడం. మూడక్షరాల కోసం కలకత్తా రోడ్డెక్కింది. ఇక్కడ క్లబ్బు మొత్తం పోయినా గచ్చిబౌలి నుంచి పాలమూరు దాకా రోడ్డు మీద ఎవరూ లేరు. తిట్టుకోవడానికి ఎదురుగా ఇంకో క్లబ్బు లేకపోవడం దానికో కారణమని నా అనుమానం.

ఆ పసుపు గుండీలు పది సిద్ధంగా ఉన్నాయి, చార్మినార్ ఉన్న లోగోతో. ఎదురు జట్టు ఎవరన్నది తేలలేదు. మావాడు కేరళ అంటున్నాడు. నాకేమో పోలీస్ జట్టునే ఎదురు పెట్టాలనుంది. వచ్చే విడతలో వాటితోపాటు గోలు పోస్టులు చేయాలి. సైకిల్ పుల్లలు వంచి, దోమతెర ముక్క కుట్టే ఆలోచన. పుల్లలు పాతవే నయం, కొత్తవి వంగకుండా విరుగుతున్నాయి.