సీ వ్యూ అంటే ఇంతేనా!

ఫ్లాట్ కొందామని ఈ ఆదివారం కూడా విశాఖలో మధురవాడ, ఎండాడ వైపే తిరిగాం. ఏ బ్రోకర్‌ని కదిపినా ఒకటే పాట: భోగాపురం ఎయిర్‌పోర్టు, గూగుల్ డేటా సెంటర్. ఆ రెండు పేర్లూ చెప్పి రేటు పెంచేస్తున్నారు. అందులో ఉద్యోగాలెన్నో అడిగితే మాత్రం నవ్వి ఊరుకుంటారు.

రుషికొండ దగ్గర ఒక 'సీ వ్యూ' ఫ్లాట్ చూపించారు. బాల్కనీ చివరికెళ్లి మెడ సాచి చూస్తే రెండు అపార్టుమెంట్ల సందులో నీలంగా ఓ గీత. గ్రిల్లేమో ఉప్పుగాలికి తుప్పుపట్టి, చెయ్యి వేస్తే పొడి రాలుతోంది. ఆ గీతకి అదనంగా కట్టాలట!

వాళ్లు చెప్పే 1,400 చదరపు అడుగులు సూపర్ బిల్టప్, అంటే మెట్లు, లిఫ్టు, కారిడార్లలో వాటా కూడా కలిపిన లెక్క. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) ప్రకారం కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల మనం వాడుకునే స్థలం ఎంతో చెప్పాలి కదా అంటే, "అవన్నీ అగ్రిమెంట్‌లో ఉంటాయి సార్" అన్నాడు సేల్స్ కుర్రాడు. ఇంకా కడుతున్నదైతే 5 శాతం జీఎస్టీ, ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చాక కొంటే అది ఉండదు. రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం ఎలాగూ తప్పదు.

మా ఆవిడ మాత్రం సీతమ్మధారలో పాత అపార్టుమెంటైనా పర్లేదంటోంది. చిన్న బిల్డింగులు కాబట్టి యూడీఎస్ (బిల్డింగ్ ఉన్న స్థలంలో మన వాటా) బాగా వస్తుంది, రైతు బజారు నడిచి వెళ్లేంత దూరం. నాకూ అదే నయమనిపిస్తోంది. వచ్చే వారం అటే. లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) ఓపిగ్గా చూసిపెట్టే లాయర్ ఎవరైనా తెలిస్తే చెప్పండి.