గోదాము మూత, మా లెక్కలు

మా టోకు వ్యాపార సంస్థ తణుకు, అమలాపురం గోదాములను మూసివేసి, మిగిలిన సరుకును తాడేపల్లిగూడేనికి తరలించడంతో గుమాస్తాలం, డ్రైవర్లు, బస్తాలు మోసే ముఠా కార్మికులు అందరం ఉపాధి కోల్పోయాం. నష్టాలకు ఆన్‌లైన్ పోటీయే కారణమని యాజమాన్యం అంటోంది గానీ, ఖాతాలు రాసినవాడిగా నేను దానిని పూర్తిగా ఒప్పుకోలేను. కిరాణా కొట్లకు అరువిచ్చిన సరుకు తాలూకు సొమ్ము దాళ్వా (రబీ) ధాన్యం అమ్ముడయ్యే వరకో, రొయ్యల చెరువులు పట్టుబడికి వచ్చే వరకో చేతికి రాదు. అసలే పలచనైన లాభాన్ని ఈలోగా బ్యాంకు వడ్డీ మింగేస్తుంది. ఇది తెలిసీ అప్పు చేసి కొత్త గోదాములు తెరిచింది మేము కాదు.

చివరి స్టాకు లెక్కలో ఎలుకలు కొరికిన పప్పు బస్తాలను సైతం తూచి రాయించారు. మా సెలవు జీతాల దగ్గర ఆ శ్రద్ధ కనిపించలేదు.

ఏడాదైనా నిరంతరాయంగా పనిచేసిన కార్మికుణ్ణి తొలగిస్తే, సర్వీసులోని ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలన్నది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 1953లో చేర్చినప్పటి నుంచీ ఉన్న నియమం. గ్రాట్యుటీ దీనికి అదనం. గుమాస్తాలకు జీతాల పట్టీ ఉంది కనుక అడగగలం. బస్తాకింత చొప్పున మేస్త్రీ చేతి మీదుగా కూలి అందుకున్న ముఠావారి పేర్లు మాత్రం ఏ పట్టీలోనూ లేవు. వారి పనికి రుజువు లోడింగు వోచర్లే. కార్మిక శాఖకు అర్జీ సిద్ధం చేస్తున్నాం కాబట్టి, వాటి నకళ్లు ఎవరి వద్దనైనా ఉంటే సోమవారంలోగా నాకు పంపగలరు.