జ్యూరీకి నచ్చిన పోస్టర్

ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో నా పని. రోజంతా క్రషర్ మోత విని ఇంటికొచ్చి మళ్ళీ ఇనుప మోతే పెట్టుకుంటానని మా బావమరిదికి ఎగతాళి. "ఏం బావా, మిల్లును ఫోన్లో ఎక్కించుకొని వచ్చినావా?" అంటాడు. డీజే బాక్సుల ముందు ఎగిరేవాడికి ఆ మాట అనే హక్కెక్కడిది?

నేను వినేది లైబాఖ్. యుగోస్లావియాను ఏలిన టిటో పోయిన నెల లోపే, 1980 జూన్‌లో, అప్పటి ఆ దేశంలోని ట్రబోవ్లే అనే స్లొవేనియా ఊళ్ళో పుట్టిన బ్యాండ్. బొగ్గు గని, సిమెంటు ఫ్యాక్టరీ, థర్మల్ ప్లాంటు, దానికి 360 మీటర్ల చిమ్నీ. చదువుతుంటే మా కలమల్ల థర్మల్ ప్లాంటు ఆర్‌టీపీపీ కళ్ళ ముందుకొచ్చింది. అలాంటి ఊరి పిల్లలు ఆ మోతను స్టేజీ ఎక్కించారంటే వింతేమీ లేదు. వింతంతా వాళ్ళ వాలకంలోనే ఉంది. మిలిటరీ బట్టలు, నల్ల సిలువ గుర్తు, నవ్వన్నదే లేని ముఖాలు, ఉపన్యాసంలా గర్జించే గొంతు. పైగా లైబాఖ్ అంటే లుబ్లియానా నగరానికి జర్మన్ పేరు. నాజీల ఆక్రమణను చూసినవాళ్ళు ఇంకా బతికున్న రోజులవి! సొంతూళ్ళోనే మొదటి ప్రదర్శనను అధికారులు ఆపేశారు. 1983లో ఒక టీవీ ఇంటర్వ్యూ తర్వాత ఆ పేరే వాడకూడదన్నారు. 1987 దాకా అదే పరిస్థితి. మధ్యలో ఒక కచేరీకి పేరు లేకుండా సిలువ, చోటు, తేదీ మాత్రమే వేసి పోస్టర్లు అంటించారు.

మీరు ఫాసిస్టులా అని అడిగితే, "హిట్లర్ ఎంత పెయింటరో మేమూ అంత ఫాసిస్టులం" అన్నారు. ఈ తప్పించుకునే జవాబు నాకు పూర్తిగా మింగుడు పడదు. 2015లో ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ వెళ్ళి కూడా వాయించారు. జనం బుద్ధిగా కూర్చొని చప్పట్లు కొట్టారు. అక్కడ ఎవరు ఎవరిని వెక్కిరించినట్టు?

కానీ 1987 నాటి పోస్టర్ సంగతికి మాత్రం దండం పెడతాను. టిటో పుట్టినరోజు మీద జరిపే యువజన దినోత్సవానికి పోస్టర్ల పోటీ పెట్టారు. లైబాఖ్ వాళ్ళతో కలిసి పనిచేసే డిజైనర్ల బృందం రిషార్డ్ క్లైన్ అనే నాజీ చిత్రకారుడు 1936లో వేసిన బొమ్మ తీసుకొని, జెండా మార్చి, గద్ద స్థానంలో పావురాన్ని పెట్టి పంపింది. జ్యూరీ దానికే ఓటేసింది! తర్వాత ఎవరో అసలు బొమ్మను గుర్తుపట్టారు, దేశమంతా గోల.

లండన్‌లో త్రాబింగ్ గ్రిసిల్ అనే బ్యాండు వాళ్ళు 1976లోనే ఒక ఎగ్జిబిషన్ పెట్టి, నాగరికతను కూలగొట్టేవాళ్ళని ఒక ఎంపీ చేత అనిపించుకున్నారు. తిట్టించుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. వీళ్ళు సర్కారు చేతనే మెచ్చుకోలు పుచ్చుకున్నారు.

మా నాలుగు రోడ్ల దగ్గర ఫ్లెక్సీలు వేసే కుర్రాడి కంప్యూటర్లో ఒక ఫైలుంది. సింహం, వెనక మంటలు, మేఘాల్లోంచి చెయ్యి ఊపే నాయకుడు. పార్టీని బట్టి తల, కండువా రంగు మారుస్తాడు, అంతే. ఇన్నేళ్ళలో ఏ పార్టీవాళ్ళూ ఇదేంటని అడగలేదట. వాడికి క్లైన్ బొమ్మనూ ఆ పోస్టర్‌నూ పక్కపక్కన పెట్టి చూపించి, కథంతా చెప్పాను. కాసేపు జూమ్ చేసి చూశాడు.

"జెండా భలే అతికించినారన్నా," అన్నాడు. "అప్పుడు ఫోటోషాప్ కూడా లేదు గదా."