బట్టీ ముందు మూడు గంటలు

ఈ క్రిస్మస్‌కు మా అపార్ట్‌మెంట్‌లోని పద్నాలుగు ఇళ్ళకూ నా చేత్తో చేసిన కేకే పంచాలని నవంబరులోనే అందరి ముందూ ప్రకటించాను. అలా ప్రకటించకుండా ఉంటే ఆ తరువాత పడిన అవమానం సగానికి తగ్గేది. గుంటూరు బ్రాడీపేటలోని మా భవనంలో క్రైస్తవులం మూడు కుటుంబాల వాళ్ళమే. మిగిలిన వారిలో రెండు ముస్లిం కుటుంబాలు, గుడ్డు ముట్టని నాలుగు కుటుంబాలు, మంగళూరు నుండి బదిలీపై వచ్చిన ఒక రైల్వే ఉద్యోగి కుటుంబం ఉన్నాయి.

కేకు మా ఇంటికి కొత్త కాదు. 1883లో అమెరికా నుండి గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రిలో మా అమ్మమ్మ చాలాకాలం తరువాత నర్సుగా పనిచేసింది. మిషన్ దొరసానుల వంటింట్లో ఆమె నేర్చుకున్న లెక్క మైదా, వెన్న, పంచదార, గుడ్లు సమాన తూకంలో ఉండాలన్నదే. ఆ లెక్క మా ఇంట్లో ఇప్పటికీ తప్పలేదని గర్వంగానే చెబుతాను.

సరుకులు పట్నం బజారులో ఒక్క పూటలో దొరికాయి. చెర్రీలని అమ్మే ఎర్రటి పండ్లలో చాలా వరకు పంచదార పాకంలో వేసి రంగు పట్టించిన వాక్కాయలేననీ, టూటీ ఫ్రూటీ అంటే పచ్చి బొప్పాయి ముక్కలేననీ తెలిసి కూడా కొన్నాను. ముస్లిం ఇళ్ళకు కూడా ఇవ్వాలి కాబట్టి రమ్ము మాట తలపెట్టకుండా ఎండు పండ్లను ద్రాక్షరసంలో వేసి, ఫ్రిజ్‌లో మూడు రోజులు నానబెట్టాను. నెలల తరబడి నానబెట్టడం రమ్ముకే చెల్లుతుంది. ద్రాక్షరసాన్ని అలా బయట వదిలితే పులిసిపోయి, ఏది వద్దనుకున్నామో అదే తయారవుతుంది.

అసలు కథ డిసెంబరు 22న మొదలైంది. మా ఇంట్లో ఉన్న చిన్న ఓవెన్‌లో ఒకసారికి ఒక్క కేకే పడుతుంది కాబట్టి, ఆరు డబ్బాల పిండినీ ఆటోలో పెట్టుకుని కట్టెల బట్టీ ఉన్న ఒక బేకరీకి వెళ్ళాను. ముందురోజు అడిగితే, పది గంటలకు తెస్తే వెంటనే లోపల పెడతామని చెప్పారు. పదికి వెళ్ళేసరికి నా ముందు పాతిక మంది దాకా డబ్బాలతో నిలబడి ఉన్నారు. బట్టీ మంచి వేడి మీద ఉండగా బన్నులు, రొట్టెలు కాల్చి, వేడి తగ్గుముఖం పట్టాక గాని కేకులు పెట్టరని అప్పుడు తెలిసింది. ఆ ఒక్క ముక్క ముందురోజే చెప్పి ఉంటే నేను పదింటికి పిండి కలిపి తీసుకువెళ్ళేదాన్నే కాదు. తెలిసినవాళ్ళ డబ్బాలు పక్క గుమ్మం నుండి లోపలికి వెళుతుంటే కళ్ళారా చూస్తూ మూడు గంటలు నిలబడ్డాను.

నేను ముప్పై ఏళ్ళు హైస్కూలులో ఆమ్లాలు, క్షారాల పాఠం చెప్పిన సైన్సు టీచరును. ద్రాక్షరసం పులుపుకు వంటసోడా తగలగానే బుడగలు పుడతాయనీ, ఆ బుడగలు పిండిలో ఉండగానే వేడి తగలకపోతే కేకు లేవదనీ పిల్లలకు గాజు గ్లాసులో చేసి చూపించినదాన్ని. అయినా పిండిలో సోడా వేసి తీసుకువెళ్ళి ఎండలో నిలబెట్టాను. కనీసం బేకింగ్ పౌడరు వాడి ఉన్నా, అందులో కొంత భాగం వేడి తగిలాకే పనిచేస్తుంది కాబట్టి కేకు కొంతైనా దక్కేది.

నాలుగు గంటలకు డబ్బాలు బయటికి వచ్చాయి. ఆరు కేకులూ నడుమ గుంటపడి, అంచులు మాడి ఉన్నాయి. పనివాడు ఒకదాన్ని తిరగేసి అందరికీ కనబడేలా పట్టుకుని, "ఏంటమ్మా ఇది, కేకా, దిబ్బరొట్టా?" అన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. అంతటితో పోలేదు; వారిలోంచి ఒకమ్మాయి ముందుకు వచ్చి, "టీచరుగారూ, సోడా ముందే వేసేశారేమోనండీ" అని చాలా మర్యాదగా అడిగింది. ఆమె నా పాత విద్యార్థిని. పాఠం గుర్తుంచుకున్నందుకు సంతోషించవలసినదాన్ని, ఆటో ఎక్కేదాకా తలెత్తలేదు. డబ్బాకు నలభై రూపాయల చొప్పున మాత్రం పైసా తగ్గించకుండా వసూలు చేశారు. పండుగ వారంలో బట్టీని నమ్ముకోవద్దన్నదే నా సలహా. తప్పనిసరైతే కేకులు ఎన్నింటికి పెడతారో పనివాణ్ణి కాక యజమానినే అడగాలి.

మిగిలిన రెండు రోజులూ పాత ప్రెషర్ కుక్కరే నన్ను ఆదుకుంది. గాస్కెట్, వెయిటు తీసేసి, అడుగున రెండు వేళ్ళ మందాన ఇసుక పోసి, పది నిమిషాలు వేడెక్కాక గిన్నె పెట్టి సన్నటి సెగ మీద గంటసేపు ఉంచితే, చక్కగా పొంగిన కేకు వచ్చింది. గుడ్డు తినని ఇళ్ళకు పెరుగు కలిపి వేరే గిన్నెలో చేయబోయాను. కాని మూడో అంతస్తు మామ్మగారు ధనుర్మాసం నియమాలలో ఉన్నారు. గుడ్డు కేకు చేసిన కుక్కర్‌లో చేసినది తినలేనని ఆమె ముందే చెప్పారు. నాకు కోపం రాలేదు. ముందుగా అడగడాన్ని చిన్నతనంగా భావించి, ఏదో ఒకటి చేతిలో పెట్టేసి, తరువాత వాళ్ళు పారేశారని బాధపడేవాళ్ళను చాలామందిని చూశాను. నాకు వారి మీదే జాలి. ఆమె కోసం కొత్త మూకుడులో బెల్లం గవ్వలు చేశాను. అవే గవ్వలు చూసి మంగళూరు ఆవిడ, "అరే, ఇవి మా కల్‌కల్‌లే కదా!" అని రెండోసారి పెట్టించుకున్నారు.

పంచడం ఒక్క సాయంత్రంలో ముగిసింది. ద్రాక్షరసం సంగతి చెప్పగానే ఎదురింటి ఖాలా, "ఆ మాట నేనెలా అడగాలా అనుకుంటున్నానమ్మా" అని నవ్వి, నా గిన్నె నిండా సేమియా వేసి తిరిగిచ్చింది.

బేకరీ నుండి తెచ్చిన ఆరు డబ్బాలలో అయిదే నావని నిన్న కడుగుతుండగా తెలిసింది. ఆరోది ఎవరిదో చొట్టపోయిన డబ్బా. నాది మా అమ్మమ్మ పేరు చెక్కిన ఇత్తడి గిన్నె. రేపు ఉదయం ఆ చొట్ట డబ్బా తీసుకుని మళ్ళీ అక్కడికే వెళ్ళాలి.